చివరి పేజీకి అన్నం మెతుకులు

2013 జూలై 7, ఆదివారం

దూరవిద్యలో ఎం.ఏ.కి ఫీజు కట్టేశాను. కట్టక తప్పలేదు. పీజీ లేని తెలుగు టీచర్లు వచ్చే ఏడాది నుంచి హైస్కూల్ క్లాసులకి పనికిరారని మేనేజ్‌మెంట్ సర్క్యులర్ తీసింది. ఇన్నేళ్ళుగా ఉప్పల్లో వాళ్ళ స్కూల్లోనే చాక్‌పీస్ పొడి మింగుతున్నాను. ఇప్పుడు పనికిరానట.

ఆప్షనల్ పేపర్ బాలసాహిత్యం తీసుకున్నాను. ఛందస్సు కన్నా తేలిక కదా. పిల్లల పుస్తకాల్లో బొమ్మలు పోను చదవడానికి ఎంత ఉంటుంది.

ఇక్కడ ఎవరూ చూడరు కనుక ఒక నిజం రాస్తాను. పాఠ్యపుస్తకం, గైడు తప్ప నేను ఏ పుస్తకమూ మొదటి నుంచి చివరి దాకా చదవలేదు. పుస్తకం తెరిస్తే నిద్ర వస్తుంది. నా కూతురు గీతిక మా స్కూల్లోనే మూడో క్లాసు. దానికీ అంతే. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా.

జూలై 21, ఆదివారం

కాంటాక్ట్ క్లాస్. లెక్చరర్ త్రిమూర్తులు గారు రిటైరైన మనిషి, చొక్కా జేబు మీద సిరా మరక. నోట్స్ ఇస్తారనుకుంటే ప్రాజెక్ట్ ఇచ్చారు. పిల్లల పుస్తకాలు ఎవరికైనా గట్టిగా చదివి వినిపించాలి. వినేవాళ్ళు ఏ వాక్యం దగ్గర ఊ కొట్టారో, ఎక్కడ మానేశారో రాయాలి. మన అభిప్రాయాలు తనకి అక్కర్లేదన్నారు. ఊ కొట్టడం అంటే కథకి ఊపిరండీ, అది ఆగితే చెప్పేవాడూ ఆగిపోవాలి, ఇది చాలా పాత ఒప్పందం అన్నారు.

ఇంకోటి కూడా చెప్పారు. కథ కంచికి మనం ఇంటికి అనేదాన్ని మనం ముక్తాయింపు అనుకుంటాం గానీ అది తలుపట. అది వేస్తే గానీ విన్నవాళ్ళు కథలోంచి బయటికి రారట. పరీక్షలో వస్తుందేమోనని అండర్‌లైన్ చేసుకున్నాను.

జూలై 24, బుధవారం

గీతికని కూర్చోబెట్టి చదివాను. రెండో పేజీకి టీవీ ముందుకి పారిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

జూలై 28, ఆదివారం, సాయంత్రం 5

త్రిమూర్తులు గారు వినేవాళ్ళ వయసు చెప్పలేదు. అందుకని ఇవాళ అత్తయ్యకి చదివాను.

అత్తయ్య పేరు సుబ్బులు. పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. మధ్యగదిలో మంచం మీదే అన్నీ. మాట పూర్తిగా పోయింది, ఊ ఒక్కటి మిగిలింది. నీళ్ళు కావాలన్నా ఊ, వద్దన్నా ఊ. రామచంద్రపురంలో ఉన్నప్పుడు వీధిలో పిల్లలంతా ఆవిడ అరుగు మీదే ఉండేవాళ్ళని, అన్ని కథలు చెప్పేదని మా ఆయన విజయభాస్కర్ అంటాడు. నేను ఎరగను. నేను కాపురానికి వచ్చాక మా ఇద్దరి మధ్య కథలు చెప్పుకునేంత స్నేహం ఎప్పుడూ లేదు.

కుర్చీ లాక్కుని, కప్పకి పెళ్ళి చేసిన కథ ఒకటి గబగబా చదివాను. మొదటి వాక్యం అవగానే ఊ అంది. నీళ్ళేమో అనుకుని గ్లాసు పట్టుకెళ్ళాను. నోరు గట్టిగా మూసేసింది. కళ్ళు పుస్తకం మీదే ఉన్నాయి. మళ్ళీ చదివాను. మళ్ళీ ఊ అంది.

ఆగస్టు 10, శనివారం

ఆవిడ ఊ అన్నీ ఒకటి కాదు. భయపడే చోట గొంతు లోపల్నుంచి అంటుంది. నమ్మనప్పుడు సాగదీస్తుంది. నవ్వొచ్చే చోట ముక్కుతో అంటుంది, పొట్టిగా. రచయిత చేతకాక రాసిన చోట అసలు అనదు. అక్కడ ఆగి వెనక్కి వెళ్ళి చూస్తే నిజంగానే వాక్యం చచ్చుగా ఉంటోంది. ఇన్నాళ్ళు గైడులో 'శైలి' అని రాయించానే గానీ అదేమిటో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ప్రాజెక్ట్ కోసం మొదలుపెట్టాను. ఇప్పుడు స్కూల్లో నాలుగో పీరియడ్ నుంచే సాయంత్రం ఏం చదవాలా అని ఆలోచిస్తున్నాను. సిగ్గుగా ఉంది, సంతోషంగానూ ఉంది.

ఆగస్టు 19, సోమవారం

బస్సులో చదువుతూ స్టాప్ దాటిపోయాను. కండక్టర్ బోడుప్పల్లో భుజం తట్టి, ఏందమ్మా నిద్రవోయినవా అన్నాడు. నిద్ర కాదు, ఒక నక్క నూతిలో పడింది. అది పైకి వచ్చేదాకా నాకు రోడ్డు కనపడలేదు. మెట్రో కోసం తవ్విన దుమ్ములో వెనక్కి నడిచి వచ్చి లేట్ మార్క్ వేయించుకున్నాను.

సెప్టెంబర్ 1, ఆదివారం

నాచారంలో మా అద్దె ఇంటి ఓనర్ సత్తమ్మ కింద వాటాలో ఉంటుంది. నేను స్కూలుకి వెళ్ళినప్పుడు అత్తయ్యని చూసేది ఆమే. ఇవాళ మెట్ల మీద ఆపి, పగటిపూట కథలు జెప్పొద్దు బిడ్డా, మేనమామలు తొవ్వ తప్పుతరు అంది. నేను ఒక్కదాన్నే సంతానం, గీతికకి మేనమామలే లేరు, దారి తప్పడానికి ఎవరూ లేరమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. తప్పేటోళ్ళు ఎవలో ఒకలు ఉంటరు ఇంట్ల అంది.

సెప్టెంబర్ 12, గురువారం

మంచం కింద కాళ్ళు కనపడ్డాయి. గీతికవి. ఎన్నాళ్ళ నుంచి అక్కడ పడుకుని వింటోందో. నేను ఏమీ అనకుండా చదువుకుంటూ పోయాను. పైనుంచి ఒక ఊ, కింద నుంచి ఒక ఊ.

సెప్టెంబర్ 26, గురువారం

వంటింట్లో ఉంటే మధ్యగదిలోంచి చదువుతున్న చప్పుడు. గీతిక నానమ్మకి చదివి పెడుతోంది. అక్షరాల కింద వేలు పెట్టి, ఒత్తుల దగ్గర తడబడుతూ. తప్పు చదివితే ఆవిడ ఊ అనదు. అది మళ్ళీ మొదటికి వెళ్ళి సరిచేసుకుంటుంది. అప్పుడు ఆవిడ ఊ అంటుంది. నేను పిండి చేతులతో తలుపు దగ్గర నిలబడిపోయాను. స్కూల్లో ఎన్ని స్లిప్ టెస్టులు పెట్టినా రానిది ఈ మంచం దగ్గర వచ్చింది. ఏడుపొచ్చింది.

సెప్టెంబర్ 29, ఆదివారం

కాంటాక్ట్ క్లాస్. త్రిమూర్తులు గారికి సంగతి చెప్పాను. ఆయన సంచిలోంచి ఒక పాత పుస్తకం తీసి ఇచ్చారు. 'రేవు దాటని మేక.' ఆయన చిన్నప్పటిది, అట్ట మీద బొమ్మ సగం వెలిసిపోయింది. ఇది ఎక్కడా దొరకదమ్మా, మీ అత్తగారికి వినిపించి జాగ్రత్తగా తెచ్చిపెట్టండి అన్నారు.

అక్టోబర్ 8, మంగళవారం

మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. దసరా సెలవులు. కింద సత్తమ్మ వాళ్ళు బతుకమ్మ కోసం తంగేడు పూలు కుప్ప పోసుకున్నారు.

మేక కథ మొదలుపెట్టాను. ఒక మేక మెడలో గంట పోగొట్టుకుంటుంది. దాన్ని పెంచిన అవ్వ ఏటికి అవతల ఉంది. పడవవాడు రోజూ పిలుస్తాడు. గంట చప్పుడు వింటేనే అవ్వ నన్ను గుర్తుపడుతుంది, గంట లేకుండా నేను రేవు దాటను అంటుంది మేక. ఏనుగు వచ్చి అడుగుతుంది, నెమలి వచ్చి అడుగుతుంది, అందరికీ అదే జవాబు. ఆ జవాబు వచ్చినప్పుడల్లా అత్తయ్య ముక్కుతో ఊ అంటోంది. గీతిక మంచం మీదే, ఆవిడ కాళ్ళ దగ్గర.

చివరి పేజీ మిగిలింది. కుక్కర్ కూత పెట్టింది. స్టవ్ కట్టేసి వస్తా ఉండండి అత్తయ్యా, ఒక్క పేజీయే అని లేచాను.

తిరిగి వచ్చి కూర్చుని, పడవవాడి కూతురు అని మొదలుపెట్టాను. ఊ రాలేదు. మళ్ళీ అదే మాట చదివాను. గీతిక ఆవిడ పాదం పట్టుకుని, అమ్మా నువ్వు ఆగిపో అంది.

అక్టోబర్ 17, గురువారం

పదో రోజు. బావగారు రామ్మోహనరావు గారు కాకినాడ నుంచి రైల్లో వచ్చారు. చెరువు గట్టు దగ్గర కర్మలు చేయించే షెడ్డు. పిండం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం.

కాకి రాలేదు. పావురాలు వచ్చాయి. పంతులు గారు కర్రతో అదిలించారు, పావురం ముడితే లెక్కలోకి రాదన్నారు. ఆవిడ మనసులో ఏదో ఉండిపోయింది, ఎవరికి తోచింది వాళ్ళు మొక్కండి అన్నారు. బావగారు దణ్ణం పెట్టి, అమ్మా, పొలం దగ్గర తమ్ముడితో తగువు పెట్టుకోను అన్నారు. రాలేదు. మా ఆయన గయ వెళ్తానన్నాడు. రాలేదు. అందరూ నా వైపు చూశారు. కోడలంటే అంతే కదా. ఏమైనా మాట జారి ఉంటే మన్నించండి అత్తయ్యా అన్నాను. ఆకాశంలో ఏమీ లేదు.

గీతిక మేక పుస్తకం గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు.

మిట్ట మధ్యాహ్నం దాకా చూసి పిండం ఆవుకి పెట్టించారు. సత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, నాచారంల కాకులు యాడున్నయమ్మా, అన్ని ఎటో పోయినయి, నువ్వు ఫికర్ జేయకు అంది. నాకు మాత్రం కుక్కర్ కూత చెవుల్లో మోగుతూనే ఉంది. చివరి పేజీ. అక్కడ చెబితే నవ్వుతారని చెప్పలేదు.

ఇంటికి రాగానే ఆ పేజీ ఆవిడ ఫోటో ముందు చదివేద్దామని పుస్తకం తీశాను. చివరి కాగితం వెనక అట్టకి అంటుకుపోయి ఉంది. తడిసిందేమో.

నవంబర్ 3, ఆదివారం

ఏటిసూతకం, దీపావళి లేదు. మంచం, పరుపు దానమిచ్చేశాం. మధ్యగది ఖాళీ.

మధ్యాహ్నం గీతిక ఆ ఖాళీ గదిలో గోడవైపు కూర్చుని చదువుతోంది. నేను వంటింట్లో ఉన్నాను. ఒక వాక్యం, ఒక ఊ. ఒక వాక్యం, ఒక ఊ. పాపం, చదివేదీ ఊ కొట్టేదీ గీతికే అనుకున్నాను. తలుపు దాకా వెళ్ళి చూశాను.

'నక్క' అనే మాట సగంలో ఉండగా, గీతిక నోరు ఇంకా తెరిచి ఉండగా, ఊ వినిపించింది. నమ్మనప్పటి ఊ, సాగదీసి.

నవంబర్ 4, సోమవారం

తొవ్వ తప్పింది మేనమామ కాదు.

నవంబర్ 22, శుక్రవారం

మా ఆయనకి చెప్పాను. తలుపు దగ్గర నిలబెట్టాను కూడా. అతనికి వినపడలేదు. ల్యాబ్‌లో రోజంతా మెషీన్ల హోరులో పని చేసే మనిషి, అతని చెవుల సంగతి నాకు తెలుసు. కూతురు రోజుకొక పుస్తకం చదువుతోందని మాత్రం ల్యాబ్ అంతా చెప్పుకున్నాడు. నీ కోర్సు పుణ్యమా అని పిల్ల బాగుపడింది ఆమనీ అన్నాడు. కాదని ఎలా అంటాను.

నేను తెచ్చినవన్నీ అయిపోయాయి. ఉప్పల్ లైబ్రరీలో దాని పేరు మీద కార్డు తీశాను.

డిసెంబర్ 14, శనివారం

లైబ్రేరియన్ తారామణి గారు పిలిపించారు. గీతిక తిరిగి ఇచ్చిన పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చి పెట్టారు. ప్రతి పుస్తకంలోనూ చివరి కాగితం వెనక అట్టకి అతికించి ఉంది. జిగురు కాదు. ఎండిన అన్నం మెతుకులు. ఒకదాన్ని చీమలు తినేశాయి కూడా. గట్ల ఎందుకు జేస్తున్నదో జర ప్రేమతో అడుగమ్మా, కొట్టకు, ఇన్ని సదివే పిల్ల మా లైబ్రరీకి ఇంకెవలు రాలే అన్నారు.

అప్పుడు అర్థమైంది. కొన్నాళ్ళుగా గీతిక కంచంలో చివరి ముద్ద వదిలేస్తోంది. అరిచాను కూడా.

ఇంటికొచ్చి అడిగాను. అది చాలా మామూలుగా చెప్పింది. నానమ్మకి చివరి పేజీ చదివితే కథ కంచికి పోతుంది కదమ్మా, అప్పుడు నానమ్మ ఇంటికెళ్ళిపోవాలి కదా, అందుకే మూసేస్తున్నా అంది. మేక పుస్తకం కూడా అదే అతికించింది, ఆవిడ పోయిన రోజే, నేను ఏడుస్తూ వరండాలో ఉన్నప్పుడు. కుక్కర్లో అన్నంతోనే.

త్రిమూర్తులు గారి తలుపు గుర్తొచ్చింది. నేను పరీక్ష కోసం అండర్‌లైన్ చేసుకున్నాను. ఈ పిల్ల ఎవరూ చెప్పకుండానే తెలుసుకుని గడియ పెట్టేసింది.

2014 జనవరి 9, గురువారం

నెల మాసికం. పిట్టగోడ మీద ముద్ద పెట్టాను. పావురాలు తినేశాయి.

జనవరి 20, సోమవారం

క్లాస్ టీచర్ స్టాఫ్‌రూమ్‌లో నన్ను పక్కకి పిలిచింది. రీడింగ్‌లో గీతికే ఫస్ట్ మేడం, కానీ ఏం అడిగినా ఊ అంటోంది, ఇంకో మాట లేదు అంది. నేను ఇంట్లో గమనించలేదా అంటే గమనించాను. సంక్రాంతి పండక్కి ముందు నుంచే. అన్నం పెట్టనా, ఊ. చలేస్తోందా, ఊ. పుస్తకం తెరిస్తే మాత్రం గంటసేపు స్పష్టంగా చదువుతుంది. మూయగానే దాని మాటలు కూడా మూతపడుతున్నాయి.

ఇవాళ నీళ్ళు కావాలా అని అడిగాను. ఊ అంది. గ్లాసు అందిస్తే నోరు గట్టిగా మూసేసింది. కళ్ళు పుస్తకం మీదే ఉన్నాయి.

ఈ డైరీలో జూలై 28 పేజీ తీసి చూశాను, ఇవే మాటలు.

ఫిబ్రవరి 8, శనివారం

డాక్టర్ గొంతు చూశాడు, చెవులు చూశాడు. అన్నీ బాగున్నాయట. నానమ్మ పోయిన షాక్, టైం ఇవ్వండి అన్నాడు. టీవీ తగ్గించి పుస్తకాలు చదివించమన్నాడు.

ఫిబ్రవరి 20, గురువారం

రాష్ట్రం బిల్లు రాజ్యసభలో కూడా పాసైంది. సత్తమ్మ పైకొచ్చి నోట్లో చక్కెర పోసింది. మీరేడికి పోవుడు లేదు, నేనుండంగ మిమ్మల్ని ఎవలేమంటరు అంది. రామ్మోహనరావు బావగారు ఫోన్లో కాకినాడ వచ్చెయ్యండని గొడవ. నాకు రాష్ట్రం సంగతి పట్టడం లేదు. నా పిల్లకి మాట కావాలి.

వీళ్ళందరి సందడిలో నేను మేక పుస్తకం వంటింట్లోకి తీసుకుపోయాను. తడిగుడ్డతో చివరి కాగితం అంచు ఊడదీయబోయాను. చదివేస్తే అయిపోతుంది, ఆవిడ దారిన ఆవిడ పోతుంది, నా పిల్ల నాకు దక్కుతుంది. అంచు కొద్దిగా లేచింది.

వెనక నుంచి ఊ. గొంతు లోపల్నుంచి వచ్చే భయం ఊ. తిరిగి చూస్తే తలుపు దగ్గర గీతిక. పెదాలు కలిపే ఉన్నాయి. ఆ ఊ దానిదో కాదో నాకు తెలియలేదు. రెండూ ఒకటిగా ఉన్నాయి.

పుస్తకం దాని చేతిలో పెట్టేశాను.

మార్చి 16, ఆదివారం

ఇంతవరకు రాయనిది రాస్తాను. నేనూ చదువుతున్నాను. గీతిక నిద్రపోయే ఆదివారం మధ్యాహ్నాల్లో ఆ గదిలోకి వెళ్ళి, పరీక్ష పుస్తకాలు గట్టిగా చదువుతున్నాను. ఊ వస్తోంది. బాగున్న చోట వస్తోంది, బాగాలేని చోట రావడం లేదు. ఆ ఊ లేకుండా చదివి చూశాను, హాల్లో కూర్చుని. అక్షరాలు చచ్చి పడి ఉన్నాయి. జీవితంలో మొదటిసారి పుస్తకం మీద ప్రేమ కలిగింది, అది ఆవిడ చెవుల్లోంచి వచ్చింది. ఆవిడ పోతే మళ్ళీ పాత ఆమనినే అవుతానేమో.

పోనివ్వనిది పిల్ల ఒక్కతే కాదు. నేను కూడా చివరి పేజీ చదవడం లేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

పరీక్ష. కథాంతంలో వచ్చే వాక్యం ప్రయోజనం గురించి రాయమని ప్రశ్న. కలం పట్టుకుని కూర్చున్నాను. తలుపు అని రాశాను. ఆపైన రాయలేకపోయాను. బయటికి వచ్చాక త్రిమూర్తులు గారు ఆపి, మేక పుస్తకం ఏమైందమ్మా అన్నారు. జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. చివర ఏముంది చెప్పండి, నేనే ఇంట్లో చెప్పేస్తాను అన్నాను. మీరు చెబితే ఏం లాభమండీ, మూసిన వాళ్ళే తీయాలి అన్నారు. పుస్తకం మాత్రం ఇవ్వనక్కర్లేదన్నారు.

మే 18, ఆదివారం

గీతిక నోరు తెరిచి అలా కాదని అరుస్తుందనుకుని ఒక కథ మధ్యలో కావాలని తప్పు చదివాను. ఊ అంది. నమ్మనప్పటి ఊ, ఒకటి కాదు, రెండు.

జూన్ 1, ఆదివారం

ఇంట్లో పుస్తకాలన్నిటికీ చీమలు పట్టాయి. వేలకి వేలు, నల్లటి సన్న చీమలు, ప్రతి పుస్తకం చివరి నుంచి బారులు. సత్తమ్మ చూసి, మెతుకున్న కాడికి అవి రాకపోతయా బిడ్డా, రేపు డాబా మీద ఎండకెయ్యి అంది.

జూన్ 2, సోమవారం, మధ్యాహ్నం

వరసగా రాస్తాను.

పొద్దున్నే పుస్తకాలన్నీ డాబా మీద పరిచాను. మేక పుస్తకం గీతిక ఇవ్వలేదు, తనే తెచ్చి పిట్టగోడ మీద బోర్లా పెట్టి పక్కనే నిలబడింది. గోడ నిండా ఎప్పటిలాగే పావురాలు. కింద వీధంతా గులాబీ రంగు. తెలంగాణ వచ్చిన రోజు. సత్తమ్మ కొడుకులు పెద్ద పటాకుల సర అంటించారు.

ఆ చప్పుడికి పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆ గోడ ఖాళీగా కనిపించింది. పొగ ఇంకా ఉండగానే ఒక కాకి వచ్చి వాలింది.

అది మమ్మల్ని చూసింది. మేక పుస్తకం మీద కాలు వేసింది. అట్ట అంచున ముక్కు పెట్టి ఒక మెతుకు లాగింది. ఇంకొకటి. ఎండిన అన్నం పొడిగా రాలుతోంది. నేను అదిలించలేదు. గీతిక చెయ్యెత్తింది గానీ, చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాకి ముక్కున చివరి మెతుకు పట్టుకుని ఎగిరిపోయింది. గాలికి వెనక అట్ట లేచి చివరి పేజీ తెరుచుకుంది.

గీతిక చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత అక్కడే వేడి గచ్చు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది.

పడవవాడి కూతురికి గంట చప్పుడంటే ఇష్టం. అందుకని దాన్ని గుడ్డలో చుట్టి దాచుకుంది. ఊ. నా భుజం పక్కనే.

మేక రోజూ రేవులో నిలబడి చిక్కిపోవడం చూసింది. ఒకరోజు గంట తెచ్చి తనే దాని మెడలో కట్టింది. ఊ. మెట్ల దగ్గర.

మేక పడవ ఎక్కింది. ఊ. కింద వీధిలోంచి. అక్కడ జనం, డప్పులు, అయినా నాకు వినపడింది.

గంట చప్పుడు అవతలి గట్టు దాకా వినిపించింది. ఇక్కడ ఊ ఉందో లేదో చెప్పలేను. ఉంటే చాలా దూరంగా ఉంది.

తరువాత గంట వినిపించలేదు. పడవ తిరిగి వచ్చింది.

ఆగి విన్నాను. ఏమీ లేదు.

కథ కంచికి అంది గీతిక, నా మొహంలోకి చూస్తూ. మిగతా సగం అనలేకపోయింది. నాకూ అనాలని లేదు. అనకపోతే నా పిల్ల ఏమవుతుందో చూశాను కనుక, మనం ఇంటికి అన్నాను.

సత్తమ్మ లడ్డూల పళ్ళెంతో పైకొచ్చింది. మమ్మల్ని చూసి, గీ పండుగ పూట ఏడుస్తున్నరేంది తల్లీబిడ్డలు అంది. గీతిక ముక్కు తుడుచుకుంది. మాటలన్నీ విడివిడిగా, కొత్తగా నేర్చుకున్నట్టు, నానమ్మ వెళ్ళిపోయింది, నాకు ఆకలేస్తోంది అంది.

అన్నం పెట్టాను. చివరి ముద్ద కూడా తినేసింది.

జూన్ 6, శుక్రవారం

ఒకటే మాటలు. స్కూల్ గురించి, చీమల గురించి, సత్తమ్మ వాళ్ళ జెండా గురించి. నేను వింటూ వింటూ ఏడుస్తున్నాను. మా ఆయనకి ఏమీ అర్థం కాలేదు, సంతోషంగా ఉన్నాడు.

పుస్తకం మాత్రం ముట్టుకోవడం లేదు. నేనూ ముట్టుకోలేదు. మధ్యగదిలో ఒకసారి గట్టిగా ఒక పేజీ చదివాను. ఖాళీ గదిలో చదివినట్టే ఉంది. అత్తయ్య మీద ఇంత బెంగ పెట్టుకుంటానని నేను ఎప్పుడూ అనుకోలేదు.

జూన్ 12, గురువారం

స్కూల్ తెరిచారు. సాయంత్రం గీతిక తనంతట తనే ఒక పుస్తకం తీసుకుని మధ్యగదిలో కూర్చుంది. లోపల్లోపల చదువుకుంటోంది. పెదాలు కదలడం లేదు.

నేను వంటింట్లో పప్పు మెదుపుతున్నాను. ఉన్నట్టుండి నా నుంచి ఒక ఊ వచ్చింది. ముక్కుతో, పొట్టిగా. నేను ఎప్పుడూ ముక్కుతో అనను.

మధ్యగదిలో గీతిక నవ్వి పేజీ తిప్పింది.